మామిడి వాసన డబ్బాలోనే ఆగిపోతోంది, కప్పులోకి రావట్లేదు (ఆకు టీ తాగేవాళ్లు చెప్పండి)

మేడమీద_మల్లె
నా పుట్టినరోజుకు చెల్లెలు బెంగళూరు నుంచి ఆరు రకాల ఆకు టీల పెట్టె పంపింది. మామిడి గ్రీన్ టీ, ఎర్ల్ గ్రే, మల్లె గ్రీన్ టీ, గులాబీ రేకులు కలిపిన బ్లాక్ టీ, మందారం, ఇంకొకటి పొగ వాసన వచ్చేది. మామిడి డబ్బా మూత తీస్తే చాలు, హాలంతా వేసవి సెలవుల వాసన. తీరా కప్పులో పోసుకుంటే చేదు, వగరు. మామిడి జాడే లేదు. నేను చేసేది ఇదీ: గిన్నెలో రెండు కప్పుల నీళ్లు, రెండు చెంచాల ఆకు, మామూలు టీ లాగే ఐదు నిమిషాలు మరగనిచ్చి వడగట్టడం. చక్కెర వేసినా అంతే, తేనె వేసినా అంతే. మా ఆయన ఒక గుక్క తాగి, కప్పు పక్కన పెట్టి, ఫిల్టర్ కాఫీ కలుపుకున్నారు. ఇంత మంచి ఆకును నేనే పాడు చేస్తున్నానా, సరుకే అంతా? పారేయడానికి మనసు రావట్లేదు.

రేణిగుంట_రైలు
మరిగించారు గదా, అక్కడే పోయింది. గ్రీన్ టీ ఆకు పొయ్యి ఎక్కకూడదు.

పీలేరు_పిల్లోడు
మరుగుతున్నప్పుడు ఇల్లంతా మామిడి వాసన వచ్చి ఉండాలే అక్కా?

మేడమీద_మల్లె
వచ్చింది! పక్కింటావిడ మామిడిపండ్లు తెచ్చారా అని అడిగింది కూడా.

పీలేరు_పిల్లోడు
అయితే మీ టీ ఆవిడ తాగేసింది.

నీలగిరి_అల్లుడు
మా మామగారు కూనూరు వైపు టీ ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేశారు. పెళ్లయిన కొత్తలో ఆయన ముందు నేనూ ఇలాగే ఆకును మరిగించాను. ఆయన ఏమీ అనలేదు. పక్కన ఇంకో కప్పు చేసి పెట్టి, రెండూ తాగి చూడమన్నారు. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను.

మనం రోజూ పాలు పోసి కాచుకునే టీ పొడి సీటీసీ. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చించి, గుండ్రటి గింజలుగా చేస్తారు. 1930లలో అస్సాంలో మొదలైన పద్ధతి అది. రంగు, ఘాటు త్వరగా దిగుతాయి, పాలను తట్టుకుంటుంది. దాన్ని మరిగించినా ఫర్వాలేదు. మీకు వచ్చినవి ఆర్థడాక్స్ పద్ధతిలో చుట్టిన పెద్ద ఆకులు. వాటిని మరిగించరు, వేడి నీళ్లలో నానబెడతారు.

ఇక మామిడి సంగతి. డబ్బాలో కనిపించే ఎండు మామిడి ముక్కల వల్ల రుచి పెద్దగా రాదు. ఆకును డ్రమ్ములో తిప్పుతూ సువాసన ద్రవం చల్లుతారు. వాసనంతా ఆకు పైపొరకు పట్టుకుని ఉంటుంది, వేడి తగిలితే ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. మీరు మరిగించిన ఐదు నిమిషాల్లో పైనున్న మామిడి గాలిలో కలిసింది, లోపలున్న చేదు నీళ్లలో దిగింది.

చేయాల్సింది చిన్న పనే. కప్పుకు 2 గ్రాముల ఆకు. గ్రీన్ టీకి నీళ్లు 75 నుంచి 80 డిగ్రీలు, రెండు నిమిషాలు, మించితే రెండున్నర. బ్లాక్ టీకి మరిగిన నీళ్లే పోయొచ్చు, మూడు నాలుగు నిమిషాలు. నానుతున్నంతసేపూ మూత పెట్టండి. మూత తీసినప్పుడు దాని లోపలి వైపు వాసన చూడండి, మామిడి అక్కడ పట్టుకుని ఉంటుంది.

మేడమీద_మల్లె
మా ఇంట్లో థర్మామీటర్ అంటే జ్వరానిదే. 80 డిగ్రీలు ఎలా తెలుస్తుంది?

లెక్కల_మాస్టారు_చిత్తూరు
థర్మామీటర్ అక్కర్లేదమ్మా. మరిగే నీళ్లు 100 డిగ్రీలు, కుండలో నీళ్లు ఉజ్జాయింపుగా 30 అనుకోండి. మూడు గ్లాసుల మరిగే నీళ్లకు ఒక గ్లాసు కుండ నీళ్లు కలిపితే మూడువందలా ముప్పైని నాలుగుతో భాగించాలి, ఎనభై రెండున్నర. గిన్నె కొంత వేడి లాక్కుంటుంది గనక మీకు కావలసిన 80 దగ్గరికి వచ్చేస్తుంది. మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు కలిపితే మాత్రం లెక్క తప్పుతుంది. అవి 40 ఉంటే 85 అవుతుంది.

రేణిగుంట_రైలు
మాస్టారూ, స్కూల్లో ఈ లెక్క ఇట్లా చెప్పి ఉంటే నేను పాసయ్యేవాణ్ణి.

డికాక్షన్_దాసు
నా మాట ఎవరికైనా కోపం తెప్పిస్తే మన్నించండి. మంచి టీకి మామిడి వాసన ఎందుకు? పైన అల్లుడుగారు చెప్పినదాన్ని బట్టి చూస్తే నాసి ఆకు మీద సెంటు చల్లి 100 గ్రాములు 500కు అమ్ముతున్నారు. మంచి కాఫీ గింజకు ఎవరైనా సెంటు కొడతారా? మా ఇంట్లో తెల్లవారుజామున ఇత్తడి ఫిల్టర్‌లో డికాక్షన్ చుక్క చుక్కగా దిగుతుంటే వచ్చే వాసనకు ఏదీ సాటి రాదు.

పలమనేరు_పాప
దాసన్నా, మీరు కాఫీలో చికోరీ వేసుకోరా?

డికాక్షన్_దాసు
20 శాతం వేసుకుంటాం. అది వేరమ్మా.

పలమనేరు_పాప
వేరేమీ కాదన్నా. కాఫీకి చికోరీ, టీకి అల్లం, యాలకులు. మసాలా టీ ఫ్లేవర్డ్ టీ కాక మరేంటి? మా అవ్వ మిరియాలు, సొంఠి వేసి కాచే టీ తాగి పెరిగాను నేను.

నీలగిరి_అల్లుడు
దాసుగారు అన్నదాంట్లో నిజం ఉంది. నాసి ఆకును వాసనతో కప్పిపుచ్చేవాళ్లు ఉన్నారు. అందుకే నేను కొత్త డబ్బా తెచ్చినప్పుడు ఒక పని చేస్తాను. నానిన ఆకును పళ్లెంలో పోసి వేలితో విప్పుతాను. ఆకు ఆకుగా, అంచులతో, కొసలతో విచ్చుకుంటే సరుకు మంచిది. నుసిగా, పుల్లలుగా ఉంటే వాసనకు మాత్రమే డబ్బు ఇచ్చినట్టు. కానీ సువాసన పట్టించిన ప్రతి టీనీ ఒకే గాటన కట్టలేం. చైనాలో ఫూజియన్ రాష్ట్రం ఫుజౌ మల్లె టీకి పేరుపడ్డ ఊరు. అక్కడ సెంటు చల్లరు. మధ్యాహ్నం కోసిన మొగ్గలు రాత్రి విచ్చుకునే వేళకు గ్రీన్ టీ ఆకులో కలిపి పెడతారు. ఆకు రాత్రంతా వాసన పీల్చుకుంటుంది, తెల్లారి పూలు ఏరేసి ఆకును ఆరబెడతారు. మంచి రకాలకు ఇదే పని రోజుల తరబడి, ప్రతిసారీ కొత్త పూలతో చేస్తారు. అందుకే డబ్బాలో పూరేకులు ఎక్కువ కనిపిస్తే మంచి మల్లె టీ అని అనుకోనక్కర్లేదు.

మేడమీద_మల్లె
ఏ మల్లె అండీ? మన మల్లెనా?

నీలగిరి_అల్లుడు
మన గుండుమల్లె జాతే. అక్కడ టీలో వేస్తారు, మనం జడలో పెడతాం.

చంద్రగిరి_నర్సమ్మ
మధ్యలో ఒక మాట. ఏ టీ అయినా భోజనం కాగానే తాగొద్దు, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. రక్తం తక్కువున్న ఆడవాళ్లు గంట పైన ఆగి తాగండి. మందారం టీ బీపీని కొంచెం తగ్గిస్తుంది, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు రోజూ తాగేముందు డాక్టర్‌ను అడగండి.

కపిలతీర్థం_వాకింగ్
మామిడి గ్రీన్ టీతో బరువు తగ్గుతారా?

చంద్రగిరి_నర్సమ్మ
పాలు, చక్కెర లేని టీ గనక ఆ మేరకు కేలరీలు తగ్గుతాయి. నడక మానకండి.

పలమనేరు_పాప
మందారం టీలో పాలు పోయొద్దు. నేను పోశాను, ఒక్క క్షణంలో విరిగి అంతా తునకలు తునకలైపోయింది. అది పులుపు. అసలది టీ ఆకే కాదు, అందులో కెఫీన్ ఉండదు. రాత్రి తాగినా నిద్ర చెడదు. ఒక ముక్క బెల్లం వేస్తే చింతపండు పానకం గుర్తొస్తుంది.

రేణిగుంట_రైలు
నా డబ్బా మీద ఆరెంజ్ పీకో అని రాసి ఉంది. నారింజ వాసన కోసం వారం నుంచి వెతుకుతున్నాను.

నీలగిరి_అల్లుడు
ఎంత వెతికినా దొరకదు, అందులో నారింజ లేదు. ఆకు సైజును, రకాన్ని బట్టి ఇచ్చే గ్రేడు పేరు అది. మీకు నారింజ జాతి వాసనే కావాలంటే ఎర్ల్ గ్రే కొనండి. బెర్గమాట్ అనే పండు తొక్కలోని నూనె అందులో కలుపుతారు. ఇటలీలో కలాబ్రియా ప్రాంతంలో ఎక్కువగా పండుతుంది.

చిత్తూరు_తోతాపురి
ఎర్ల్ గ్రే మొదటిసారి తాగినప్పుడు నాకు మా అమ్మ దబ్బాకు మజ్జిగ గుర్తొచ్చింది. ఆకు చిదిమితే వచ్చే ఆ వాసనే. వెంటనే పెరట్లోంచి లేత దబ్బాకు ఒకటి తెచ్చి, మామూలు నీలగిరి బ్లాక్ టీ నానుతుండగా చివరి అర నిమిషం వేసి తీసేశాను. ఎంత బాగుందో! ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుంది, అర నిమిషమే.

మామిడి గురించి కూడా చెప్తాను. మాది తోట, చుట్టూ పల్ప్ ఫ్యాక్టరీలు. జూన్, జూలైలో మా రోడ్డంతా మామిడి లారీలే. అందుకే నా ముక్కు మామిడి విషయంలో మొండిది. డబ్బాల్లో వచ్చే మామిడి వాసన నాకు మామిడి చాక్లెట్ లాగే ఉంటుంది, పండు లాగా ఉండదు. నేను చేసేది చల్లటి టీ. లీటరు నీళ్లలో 8 గ్రాముల మామూలు గ్రీన్ టీ ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను. పొద్దున వడగట్టి, బాగా పండిన బేనిషా ముక్కలు నాలుగు వేసి గంట ఆగుతాను. చల్లటి నీళ్లలో చేదు తక్కువ దిగుతుంది. చక్కెర అవసరమే రాదు. మల్లె అక్కా, మీ మామిడి డబ్బాను కూడా ఒకసారి ఇలా చల్లగా చేసి చూడండి. ఈ ఎండలకు వేడి టీ కంటే ఇది హాయి.

డికాక్షన్_దాసు
ఇది బాగుంది తమ్ముడూ. పండు వేసి చేసుకునేదాన్ని నేను కాదనను.

బైరాగిపట్టెడ_బామ్మ
అందరూ చేసే విధానం చెప్తున్నారు, దాచే విధానం ఒక్కరూ చెప్పలేదు. మా మనవరాలు తెచ్చిన ఎర్ల్ గ్రేను నేను తెలియక పోపుల అరలో, ఇంగువ డబ్బా పక్కన పెట్టాను. నెలకు తీస్తే టీ తాగుతున్నామో సాంబారు తాగుతున్నామో తెలియలేదు. టీ ఆకు పక్కన ఏ వాసన ఉంటే అది పీల్చేస్తుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, పొయ్యికీ పోపులకూ దూరంగా పెట్టుకో తల్లీ. గాజు సీసా అందంగా ఉంటుంది గానీ వెలుతురు తగిలి ఆకు పాడవుతుంది. ఫ్లేవర్డ్ టీని ఏళ్ల తరబడి దాచొద్దు, వాసన ఉండగానే తాగేయండి.

పీలేరు_పిల్లోడు
బామ్మా, వాసన మాటొచ్చింది గనక అడుగుతున్నా, మల్లె అక్క పెట్టెలో పొగ వాసన టీ ఏంటి?

బైరాగిపట్టెడ_బామ్మ
నాకు తెలియదు నాయనా, అల్లుడుగారు చెప్పాలి.

నీలగిరి_అల్లుడు
ల్యాప్సాంగ్ సూచాంగ్ అయి ఉంటుంది. ఫూజియన్‌లోనే వుయీ కొండల టీ. పైన్ కట్టెల పొగ మీద ఆరబెడతారు.

మేడమీద_మల్లె
పేరు అదే! మూత తీయగానే మా అత్తగారు ఏదో మాడుతోందని వంటింట్లోకి పరిగెత్తారు. నాకు మాత్రం మా తాతగారి ఊళ్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి కాచిన స్నానం నీళ్ల వాసన అనిపించింది. దాన్ని అత్తగారు లేనప్పుడు తాగాలి.

ఇక నా రిపోర్టు. అల్లుడుగారు చెప్పినట్టు, మాస్టారి లెక్క ప్రకారం నీళ్లు కలిపి, రెండు నిమిషాలు మూత పెట్టి చేశాను. చేదు పోయింది, నిజం. మామిడి వచ్చింది గానీ దూరంగా ఉంది, గోడ అవతల ఎవరో పండు కోస్తున్నట్టు. పైన సన్నటి తెట్టు కూడా కడుతోంది. చెంచాతో కదిపితే ముక్కలుగా విరుగుతోంది, కప్పు అంచుకు గోధుమరంగు గీత పడుతోంది. ఆకులో కల్తీ ఉందంటారా?

రేణిగుంట_రైలు
మీది అపార్ట్‌మెంటా? బోరు నీళ్లా?

మేడమీద_మల్లె
బోరే. గీజర్ రాడ్‌కు తెల్లగా పొర కడుతుంది.

రేణిగుంట_రైలు
దొరికింది దొంగ. ఆ తెట్టు కల్తీ కాదు. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, అది టీలోని పదార్థాలతో కలిసి పైన పొరగా కడుతుంది. మా క్వార్టర్స్‌లో అదే గోల. నిమ్మరసం రెండు చుక్కలు వేస్తే పొర పోతుంది గానీ మామిడి టీలో నిమ్మ ఎందుకు, నీళ్లే మార్చండి.

లెక్కల_మాస్టారు_చిత్తూరు
ఒక్కసారి మార్చి బాగుందనుకోవడం కాదు. ఒకే ఆకు, ఒకే తూకం, ఒకే టైము, నీళ్లు మాత్రం మూడు రకాలు. గ్లాసుల కింద చీటీలు అతికించండి. ఏది ఏదో మీకు తెలియకుండా ఇంకొకరు అందివ్వాలి. తూకానికి చెంచాను నమ్మొద్దు. పెద్ద ఆకు చెంచాడు తీస్తే ఒక గ్రాము తూగొచ్చు, టీ పొడి చెంచాడు రెండు గ్రాముల పైనే తూగుతుంది. గ్రాములు చూపే చిన్న కాటా కొనుక్కుంటే మంచిది.

పలమనేరు_పాప
తాగేటప్పుడు ముక్కు మూసుకుని ఒక గుక్క నోట్లో పోసుకోండి. చేదు, వగరు, తీపి మాత్రమే తెలుస్తాయి. మింగి ముక్కు వదలండి, అప్పుడు మామిడి ఒక్కసారిగా వస్తుంది. మనం రుచి అనుకునేదాంట్లో సగం ముక్కు పనే. టీ రుచి చూసే ఉద్యోగాలు చేసేవాళ్లు అందుకే పెద్దగా జుర్రుతారు, వాసన వెనక నుంచి ముక్కులోకి ఎక్కాలని.

పీలేరు_పిల్లోడు
జుర్రితే మా నాయన చిన్నప్పుడు వీపు మీద ఒకటిచ్చేవాడు. ఇప్పుడు ఈ పోస్టు చదివి వినిపిస్తా.

మేడమీద_మల్లె
ఆదివారం చేశాను. మా ఆయనే చీటీలు అతికించి, నన్ను కళ్లు మూసుకోమని గ్లాసులు అందించారు. బోరు నీళ్లు, మున్సిపల్ కొళాయి నీళ్లు, క్యాన్ నీళ్లు. మూడుసార్లు గ్లాసుల వరస మార్చారు. మూడుసార్లూ బోరును పట్టేశాను. నేరేడు పండు తిన్నాక నాలుక బిగుసుకుపోతుందే, ఆ వగరు దాంట్లోనే వచ్చింది. మిగతా రెండింటికీ తేడా నాకు తెలియలేదు, మా ఆయనకు మాత్రం కొళాయి నీళ్లదే నిండుగా ఉందట. క్యాన్ నీళ్లతో చేసినదాని రంగు లేత నిమ్మ పసుపు, గ్లాసు అడుగున చీటీ మీద రాత కూడా కనబడింది. మామిడి ఇప్పుడు గోడ ఇవతలికి వచ్చింది!

రాత్రి తోతాపురి తమ్ముడి పద్ధతిలో చల్లటి టీ కూడా పెట్టాను, బేనిషా ముక్కలతో. పిల్లలు గ్లాసు అడుగున ముక్కలు చేత్తో తీసుకుని తిన్నారు. నాకైతే వేడి కంటే చల్లనిదే నచ్చింది. పారేద్దామనుకున్న డబ్బా ఇప్పుడు సగమైపోయింది.

చిత్తూరు_తోతాపురి
సంతోషం అక్కా. సీజన్ అయ్యేలోపు ఇంకో రెండుసార్లు చేయండి. పిల్లలకు మాత్రం సాయంత్రం వద్దు, చల్లగా ఉన్నా కెఫీన్ కెఫీనే.

నీలగిరి_అల్లుడు
డబ్బాలోంచి తీసేముందు మెల్లగా రెండుసార్లు తలకిందులు చేయండి. బరువున్న పండు ముక్కలు, నుసి అడుక్కి దిగిపోతాయి. లేకపోతే మొదటి కప్పులు ఒక రుచి, చివరి కప్పులు ఒక రుచి.

కపిలతీర్థం_వాకింగ్
గులాబీ టీకి ఎర్రరంగు కలుపుతారా? నా డబ్బా చూస్తే అనుమానంగా ఉంది.

చంద్రగిరి_నర్సమ్మ
వడకాగితం మీద ఆకు పరిచి కొంచెం నీళ్లు చల్లండి. వెంటనే రంగు మరకలు పడితే రంగు కలిపినట్టే. మంచి ఆకు చల్లటి నీళ్లకు అంత తొందరగా మరక వేయదు.

మేడమీద_మల్లె
ఇంకొక్క ప్రయోగం చేశాను, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అల్లుడుగారు మల్లె టీ గురించి రాసినప్పటి నుంచి మనసు దాని మీదే. మా మేడ మీద గుండుమల్లె కుండీలు నాలుగున్నాయి. మందు కొట్టని చెట్లు.

బైరాగిపట్టెడ_బామ్మ
మార్కెట్ పూలతో మాత్రం చేయకు తల్లీ. తోటలో మందులు కొడతారు, నీళ్లు చల్లి తడిబట్టలో మూట కడతారు.

మేడమీద_మల్లె
లేదు బామ్మా, మేడ మీదవే. సాయంత్రం ఆరున్నరకు విచ్చుకోబోయే మొగ్గలు నలభై కోశాను. 20 గ్రాముల మామూలు గ్రీన్ టీని స్టీలు డబ్బాలో సగం పరిచి, పైన మొగ్గలు, పైన మిగతా ఆకు. రాత్రి పది గంటలకు మూత తీసి చూస్తే ఆకు మధ్యలోంచి తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. తెల్లారేసరికి పూలు వాడి, రేకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. ఆకు మెత్తబడింది, ముట్టుకుంటే చెమ్మ తెలుస్తోంది. పూలన్నీ ఏరేసి, ఇడ్లీ పాత్రలో నీళ్లు కాచి, పొయ్యి కట్టేసి, దాని మీద పళ్లెం పెట్టి ఆకు పలచగా ఆరబెట్టాను. చేత్తో నలిపితే గలగలలాడేదాకా ఆగాను. మరుసటి రాత్రి మళ్లీ కొత్త మొగ్గలు, మళ్లీ అదే పని.

పెట్టెలో వచ్చిన మల్లె టీ అంత ఘాటుగా లేదు. కానీ కప్పు చల్లారాక అడుగున ఒక వాసన మిగిలింది. జడలో పెట్టుకున్న పూలు తెల్లారి దిండు మీద వదిలే వాసన. మా అత్తగారు ఖాళీ కప్పు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు.

నీలగిరి_అల్లుడు
ఇది మా మామగారికి చదివి వినిపించాను. చెమ్మ పూర్తిగా పోయిందా అని అడగమన్నారు. కొంచెం ఉన్నా బూజు పడుతుంది, పది రోజుల్లో తాగేయమన్నారు. మూడో రాత్రి కూడా పెట్టి చూడమన్నారు.

లెక్కల_మాస్టారు_చిత్తూరు
20 గ్రాములకు పది కప్పులే వస్తాయి. నేను ముందే అడుగుతున్నాను, ఒక పొట్లం చిత్తూరుకు.

డికాక్షన్_దాసు
సెంటు లేకుండా, పువ్వు నుంచి నేరుగా. దీనికి నేను ఇత్తడి ఫిల్టర్ పక్కన పెట్టి వస్తాను. ఒక కప్పు ఉంటుందా?

మేడమీద_మల్లె
అయిపోయింది దాసుగారూ, నిన్న సాయంత్రమే. ఇప్పుడే మేడ మీద చూసి వచ్చాను, రేపటికి విచ్చుకునేవి పదకొండు మొగ్గలే ఉన్నాయి. శనివారానికి నలభై అవుతాయి. ఆదివారం పొద్దున ఆరేస్తాను, సాయంత్రం రండి. నీళ్లు క్యాన్‌వే.